తొలి తెలుగు నవల ఏది? ఒక్క బిట్ ప్రశ్న వెనకున్న పెద్ద గొడవ

ఈ రోజు ఎపిసోడ్ ముఖ్యంగా తెలుగు ఎం.ఏ. చదివేవాళ్లకి, నెట్, సెట్, జేఎల్ పరీక్షలకి ప్రిపేర్ అయ్యేవాళ్లకి. అయితే నవలలంటే ఊరికే ఇష్టం ఉన్నవాళ్లు కూడా నిక్షేపంగా కూర్చోవచ్చు, బోర్ కొట్టకుండా చూసే పూచీ నాది.

మీ గైడ్‌లో ఒక బిట్ ఉంటుంది. తెలుగులో తొలి నవల ఏది? కింద నాలుగు ఆప్షన్లు. వాటిలో రాజశేఖర చరిత్రము ఉంటుంది, శ్రీరంగరాజు చరిత్ర కూడా ఉంటుంది. మొదటిది 1878లో మొదలైంది, రెండోది 1872లో వచ్చింది. లెక్క ప్రకారం ఆరేళ్లు ముందొచ్చిందే కదా తొలిది? మరి చాలా పుస్తకాల్లో రాజశేఖర చరిత్రముకే ఎందుకు టిక్ పెట్టారు? ఈ ఒక్క ప్రశ్నని కాస్త లాగితే చాలు, మీ సిలబస్‌లో ఉండే నవలా లక్షణాలు, నవలా భేదాలు అనే రెండు యూనిట్లూ దాని వెంటే వచ్చేస్తాయి. అందుకే లిస్టులు చదవడం మానేసి ఈ దారిలో వెళ్దాం.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. నవల అనే మాట మనది కాదు, ఇంగ్లీషు నావెల్ నుంచి వచ్చింది. దానికి వెనక ఇటాలియన్ నోవెల్లా ఉంది, అంటే కొత్త సంగతి, కొత్త కబురు అన్నమాట. మన పక్కవాళ్లు ఏం పేరు పెట్టుకున్నారో చూడండి, తమాషాగా ఉంటుంది. బెంగాలీలో, హిందీలో నవలని ఉపన్యాస్ అంటారు. మనకి ఉపన్యాసం అంటే మైకు ముందు నిలబడి చేసేది! మరాఠీలో, కన్నడలో నవలని కాదంబరి అంటారు. బాణుడు సంస్కృతంలో రాసిన కాదంబరి అనే గద్యకావ్యం పేరే ఒక జాతి మొత్తానికి పేరైపోయింది. ఒక కంపెనీ జిరాక్స్ మెషిన్ అమ్మితే మనం ఫొటోకాపీ మొత్తాన్నీ జిరాక్స్ అన్నట్టు. మన దగ్గర నవల అనే పేరుని కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి వాడుకలోకి తెచ్చారని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఇంకో చిన్న విషయం, పాత తెలుగు కావ్యాల్లో నవలా అంటే స్త్రీ అని అర్థం. ఇది పరీక్షలో రాదు, నాకు సరదాగా అనిపించి చెప్పాను.

పేరు తర్వాత వచ్చింది. మరి పేరు లేనప్పుడు ఆ పుస్తకాలు రాసినవాళ్లు తాము రాస్తున్నదాన్ని ఏమనుకున్నారు? అసలు కిటుకు ఇక్కడుంది.

1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి శ్రీరంగరాజు చరిత్ర రాశారు. ఈయన కర్నూలు జిల్లాలో డిప్యూటీ కలెక్టరు. 1886లో వచ్చిన కర్నూలు జిల్లా మాన్యువల్ కూడా ఈయన రాసిందే, చరిత్ర మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ దాన్ని తిరగేస్తారు. అంటే ఊళ్లు తిరిగి, జనం ఆచారాలు, పంటలు, పన్నులు రాసుకునే ఉద్యోగం. లార్డ్ మేయో వైస్రాయ్‌గా ఉన్న రోజుల్లో జనం ఆచార వ్యవహారాలు చూపించే కథ రాసినవారికి బహుమతి ఇస్తామని వచ్చిన ప్రకటనే ఆయన్ని కదిలించిందని మన సాహిత్య చరిత్రలు చెబుతాయి. ఆ మేయోనేమో 1872 ఫిబ్రవరిలోనే అండమాన్‌లో ఒక ఖైదీ చేతిలో హత్యకి గురయ్యాడు. సరే, కథేంటి? రంగరాజు అనే కుర్రాడు, లంబాడీల మధ్య పెరిగిన సోనాబాయి అనే అమ్మాయి, వాళ్ల ప్రేమ. అందుకే ఈ పుస్తకానికి సోనాబాయి పరిణయము అని ఇంకో పేరు కూడా ఉంది. రచయిత దీన్ని నవీన ప్రబంధం అన్నారు. గమనించండి, కొత్తది రాస్తున్నానని ఆయనకి తెలుసు, కానీ చేతిలో ఉన్న పేరు ప్రబంధమే. అందుకే పక్కన నవీన అని తగిలించారు.

దీనికంటే ముందు కొక్కొండ వెంకటరత్నం పంతులు మహాశ్వేత ఉంది, అదే తొలిది అనేవాళ్లూ ఉన్నారు. కానీ అది బాణుడి కాదంబరి కథని తెలుగు వచనంలోకి తెచ్చింది. వచనంలో ఉన్న ప్రతి పొడుగు కథా నవల అయిపోతే మన కాశీమజిలీ కథలు కూడా నవలే అవ్వాలి. కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

ఇక మూడోది, మనకి బాగా తెలిసింది. కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. 1878లో అందులో రాజశేఖర చరిత్రమును సీరియల్‌గా వేశారు. 1880లో అది పుస్తకంగా వచ్చింది. తన స్వీయచరిత్రలో ఆయన దాచకుండా ఒక విషయం చెప్పారు. మొదట ఇంగ్లీషులో ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్‌ని తెలుగు చేయబోయారు. కొంత చేశాక అది తనకే నచ్చలేదు. దాన్ని వదిలేసి, సొంతంగా కథ మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. గోల్డ్‌స్మిత్ నవల 1766 నాటిది. ఆయన ఇంటద్దె కట్టలేక ఇంటావిడ చేత అరెస్టయ్యే పరిస్థితిలో ఉంటే, స్నేహితుడు డాక్టర్ జాన్సన్ ఈ రాతప్రతిని తీసుకెళ్లి 60 పౌండ్లకి అమ్మి అప్పు తీర్చాడంటారు. ఆ నవల కథ కూడా డబ్బు పోగొట్టుకున్న కుటుంబం గురించే. ప్రిమ్‌రోజ్ అనే మంచి మనసున్న పాస్టరు, భార్య, పిల్లలు. ఉన్న ఆస్తి ఒక్కసారిగా పోతుంది. తర్వాత కష్టం మీద కష్టం. కొడుకు గుర్రాన్ని అమ్మడానికి సంతకి వెళ్లి, దాని డబ్బుతో పెట్టెడు ఆకుపచ్చ కళ్లద్దాలు కొనుక్కొస్తాడు. మోసపోవడమంటే అలా ఉండాలి.

ఇప్పుడు రాజశేఖర చరిత్రము చూడండి. ధవళేశ్వరంలో రాజశేఖరుడనే కలిగిన కుటుంబీకుడు. భార్య మాణిక్యాంబ, కూతుళ్లు రుక్మిణి, సీత, కొడుకు సుబ్రహ్మణ్యం. మనిషి మంచివాడు, కానీ పొగిడితే కరిగిపోతాడు. చుట్టూ ముఖస్తుతి చేసి పబ్బం గడుపుకునేవాళ్లు. ఒక బైరాగి వచ్చి, ఉన్న బంగారం, వెండి ఇస్తే మందు వేసి రెట్టింపు బంగారం చేస్తానంటాడు. ఇచ్చాడు. బైరాగి మాయం. దేవుడిలా కొలిచిన చుట్టాలు, స్నేహితులు కూడా అతని వెనకే మాయం. చివరికి కుటుంబమంతా కాశీ యాత్ర పేరుతో ఊరు విడిచి బయల్దేరుతుంది. దారిలో దొంగలు, తప్పుడు కబుర్లు, విడిపోవడాలు. మారువేషంలో తిరిగే పెద్దాపురం రాజు కృష్ణజగపతి వాళ్లని ఆదుకుంటాడు. గోల్డ్‌స్మిత్‌లో కూడా మారువేషంలో ఒక పెద్దమనిషి ఉంటాడు, బర్చెల్ అనే పేరుతో.

మరి ఇది కాపీనా? నా పాత ఉద్యోగం భాషలో చెప్తాను. కోడ్ రాసేవాళ్లకి ఫోర్క్ అంటే తెలుసు. ఒకరి ప్రాజెక్టుని మన దగ్గరికి తెచ్చుకుని, అక్కణ్నుంచి మన దారిలో మనం మార్చుకుంటూ పోవడం. పంతులుగారు చేసింది అది. చట్రం అక్కడిది. కానీ జాతకాలు, శకునాలు, దయ్యాల భయం, బంగారం చేసే బైరాగులు, పెళ్లి ఖర్చుతో అప్పులపాలవడం, ఇవేవీ గోల్డ్‌స్మిత్‌లో లేవు. ఇవన్నీ గోదావరి ఒడ్డున ఆయన రోజూ చూస్తున్నవి. ధవళేశ్వరంలో ఆయన టీచరుగా పనిచేశారు కూడా. ఒక తమాషా ఏంటంటే, కథ నడిచేది పెద్దాపురాన్ని రాజులు ఏలుతున్న పాతకాలంలో, వాతలు పడేది మాత్రం పంతులుగారి కాలానికి.

ఇంకో విషయం. ఇలా జరిగింది మన ఒక్కరికే కాదు. మలయాళంలో ఓ. చందు మేనన్ డిజ్రేలీ రాసిన హెన్రిటా టెంపుల్‌ని అనువాదం చేద్దామని మొదలుపెట్టి, కుదరక, వదిలేసి సొంతంగా ఇందులేఖ రాశారు. అది 1889లో వచ్చింది. చూడండి, రెండు భాషల్లో ఇద్దరు, పదేళ్ల తేడాతో, అదే గోడని గుద్దుకుని అదే పక్కకి తిరిగారు. అనువాదం ఎందుకు కుదరలేదు? ఇంగ్లీషు నవలలో పెళ్లికాని అమ్మాయి, అబ్బాయి కూర్చుని మాట్లాడుకుంటారు, ఉత్తరాలు రాసుకుంటారు, ఆ మాటల్లోంచి కథ పుడుతుంది. 1870ల్లో మన ఇంట్లో పెళ్లీడు రాకముందే పిల్లకి పెళ్లయిపోతుంది. ఆ సంభాషణ జరిగే చోటే మన ఇంట్లో లేదు. మాటని అనువదించొచ్చు, హాలుని ఎలా అనువదిస్తారు?

ఇప్పుడు మీ సిలబస్‌కి వద్దాం. నవలకి అంగాలు ఏమిటంటే ఇతివృత్తం, కథాసంవిధానం, పాత్రచిత్రణ, సంభాషణలు, దేశకాల నేపథ్యం, శైలి, రచయిత దృక్పథం అని రాయమంటారు. అందరూ రాస్తారు. కానీ ఒక్కొక్కటీ ఏం పని చేస్తుందో రాజశేఖర చరిత్రములో చూస్తేనే అర్థమవుతుంది.

కథ వేరు, కథాసంవిధానం వేరు అని 1927లో ఇ.ఎం. ఫోర్‌స్టర్ కేంబ్రిడ్జ్‌లో ఇచ్చిన లెక్చర్లలో చెప్పాడు. ఆస్పెక్ట్స్ ఆఫ్ ది నావెల్ అని పుస్తకంగా వచ్చింది, మీ అందరి బిబ్లియోగ్రఫీలో ఉంటుంది. మన ఉదాహరణతో చెప్పుకుందాం. రాజశేఖరుడి డబ్బు పోయింది, తర్వాత ఊరు వదిలాడు. ఇది కథ. పొగడ్తకి లొంగే గుణం వల్ల డబ్బు పోయింది, డబ్బు పోయాక ఆ ఊళ్లో తల ఎత్తుకోలేక ఊరు వదిలాడు. ఇది సంవిధానం. తర్వాత ఏమైంది అని అడిగితే కథ, ఎందుకు అయింది అని అడిగితే సంవిధానం. కాశీమజిలీల్లో రాకుమారుడికి కష్టం శాపం వల్ల వస్తుంది. రాజశేఖరుడికి కష్టం తన స్వభావం వల్ల వచ్చింది. నన్నడిగితే తొలి నవల గొడవంతా ఈ ఒక్క తేడా మీదే తేలాలి.

అదే ఫోర్‌స్టర్ పాత్రల్ని కూడా రెండుగా విడదీశాడు. ఒకే గుణంతో మొదలై అదే గుణంతో ముగిసేవి, మనల్ని ఆశ్చర్యపరచగలిగేవి. ఈ గీటురాయి మీద పెడితే నిజం చెప్పాలి, రాజశేఖర చరిత్రములో చాలా పాత్రలు మొదటి రకమే. మోసగాడు చివరిదాకా మోసగాడే. పంతులుగారికి మనుషుల మీద కంటే మూఢనమ్మకాల మీద ఎక్కువ కోపం. అందుకే చాలా చోట్ల పాత్ర పక్కకి జరిగి పంతులుగారే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆ భాష కూడా గ్రాంథికం, ఇప్పుడు చదివితే మొదటి 20 పేజీలు గట్టిగా నమలాలి. కానీ ఇది పత్రికలో ముక్కలు ముక్కలుగా వచ్చిందని గుర్తుపెట్టుకోండి. చదివేవాడు వచ్చే సంచిక కోసం ఎదురుచూడాలి. కాబట్టే దొంగలు, మారువేషాలు, చచ్చిపోయాడనుకున్న అల్లుడు తిరిగి రావడాలు. 1887లో హచిన్‌సన్ అనే ఆయన దీన్ని ఫార్చ్యూన్స్ వీల్ పేరుతో ఇంగ్లీషులోకి చేస్తే లండన్‌లో అచ్చయింది. ఇంగ్లండు నుంచి వచ్చిన చట్రం తెలుగు బట్టలేసుకుని ఇంగ్లండుకే వెళ్లింది.

మరి శ్రీరంగరాజు చరిత్రకి ఎందుకు అన్యాయం జరిగింది? నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. ఆ పుస్తకం వెనక పత్రిక లేదు, ఉద్యమం లేదు, శిష్యులు లేరు. ఒక డిప్యూటీ కలెక్టరు రాసుకున్నారు, అంతే. పంతులుగారికి సొంత పత్రిక, సొంత ప్రెస్సు, 1881లో వితంతు వివాహం చేయించి తెచ్చుకున్న పేరు, చుట్టూ మనుషులు. ఆ తర్వాత రాజమండ్రిలోనే చింతామణి పత్రిక నవలల పోటీలు పెట్టింది. 1894లో చిలకమర్తి లక్ష్మీనరసింహం రామచంద్ర విజయంతో బహుమతి కొట్టారు. అంటే పంతులుగారి పుస్తకం నుంచి ఒక వరస బయల్దేరింది. చెట్టిగారి పుస్తకం ఒంటరిగా మిగిలిపోయింది. తొలి అనే బిరుదు చాలాసార్లు ముందొచ్చినవాడికి కాదు, వెనక ఎవరైనా నడిచినవాడికి దక్కుతుంది. అలాగని తారీఖు అబద్ధం అయిపోదు కదా? లంబాడీల మధ్య పెరిగిన అమ్మాయిని నాయికని చేసిన పుస్తకాన్ని మనం ఒక్క బిట్ ఆప్షన్‌గా మిగిల్చాం. నాకైతే అది కొంచెం బాధగానే ఉంటుంది.

సరే, రకాల్లోకి వెళ్దాం. చారిత్రక నవల, సాంఘిక నవల, రాజకీయ నవల, మనోవైజ్ఞానిక నవల, చైతన్య స్రవంతి, డిటెక్టివ్, ప్రాంతీయ నవల... గైడ్‌లో ఇవి అరల్లో సర్దిన పచ్చళ్ల సీసాల్లా కనిపిస్తాయి. నిజానికి ఒక్కో రకం ఒక్కో అవసరానికి పుట్టింది. చారిత్రక నవల త్వరగా చెప్పేస్తాను. తెల్లవాడి పాలనలో ఉండి, మాకూ ఒక ఘనత ఉండేది అని చెప్పుకోవాల్సిన రోజుల్లో అది పెరిగింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు వాళ్లు పెట్టిన విజ్ఞాన చంద్రికా మండలి అలాంటి నవలల్ని ప్రోత్సహించింది. తర్వాత విశ్వనాథ ఏకవీర మధుర నాయకుల కాలంలోకి వెళ్లింది, అడివి బాపిరాజు గోన గన్నారెడ్డి కాకతీయుల దగ్గరికి వెళ్లింది, తెన్నేటి సూరి ఏకంగా మంగోలియా వెళ్లి చెంఘిజ్ ఖాన్ రాశారు. చాలు.

నేను ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నది మాలపల్లి దగ్గర.

ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరు ప్రాంతంవారు, బారిష్టరు. 1921లో పల్నాడులో పుల్లరి వ్యతిరేక సత్యాగ్రహం జరిగింది, అంటే అడవిలో పశువులు మేపుకున్నందుకు ప్రభుత్వం వేసిన పన్ను కట్టం అనే పోరాటం. ఆ సందర్భంలో ఆయన్ని జైల్లో పెట్టారు. రాయవేలూరు జైల్లో కూర్చుని ఈ నవల రాశారు. 1922లో అచ్చయింది. దీనికి సంగవిజయం అని ఇంకో పేరు.

కథ మంగళాపురం అనే ఊరి మాలపల్లిలో రామదాసు ఇంట్లో మొదలవుతుంది. భార్య మహాలక్ష్మి. కొడుకులు వెంకటదాసు, సంగదాసు. సంగదాసు చౌదరయ్య అనే భూస్వామి ఇంట్లో పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి ఇతను స్నేహితుడు. కూలీలకి న్యాయంగా ఇవ్వాల్సింది ఇవ్వమని సంగదాసు నిలబడతాడు. చౌదరయ్య కొట్టిన దెబ్బకి చనిపోతాడు. తమ్ముడి చావు తర్వాత వెంకటదాసు తక్కెళ్ల జగ్గడు అనే పేరుతో దోపిడీదొంగ అవుతాడు, ఉన్నవాళ్లని దోచి లేనివాళ్లకి పెడతాడు. ఒక ఇంట్లోనే రెండు దారులు. ఒకడు శాంతంగా అడిగి చచ్చాడు, ఒకడు ఆయుధం పట్టి పట్టుబడ్డాడు. తండ్రి రామదాసు మధ్యలో తత్వం పాడుకుంటూ అన్నీ పోగొట్టుకున్నాడు. ఏ దారి సరైంది? ఉన్నవ గాంధీగారి మనిషే, అయినా జగ్గణ్ని చులకన చేయలేదు. రచయిత దృక్పథం అనే అంగం ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. రచయిత నమ్మకం ఒక వైపు ఉంది, కథ నిజాయితీ ఇంకో వైపు లాగుతోంది.

ఇంకో అంగం సంభాషణలు. రాజశేఖరుడి ఇంట్లో ఎవరు మాట్లాడినా పుస్తకంలా మాట్లాడతారు. మాలపల్లిలో జనం గుంటూరు పల్లెల్లో మాట్లాడుకునే భాష మాట్లాడతారు. గిడుగు రామ్మూర్తిగారి వ్యావహారిక భాషా ఉద్యమం సాగుతున్న రోజులవి. గ్రాంథికంలో పాలేరు మాట్లాడలేడు. మాట్లాడినా వాడు పాలేరు కాడు. భాష మారకపోతే ఈ మనుషులకి నవలలోకి ఎంట్రీయే లేదు.

ప్రభుత్వానికి ఇది బాగానే అర్థమైంది. పుస్తకాన్ని నిషేధించింది. కొన్నేళ్లకి వదిలి, 1936లో మళ్లీ నిషేధించింది. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం వచ్చాక నిషేధం ఎత్తేశారు. యాదృచ్ఛికం చూడండి, జేమ్స్ జాయిస్ యులిసిస్ కూడా 1922లోనే అచ్చయింది, అమెరికాలో 1933 దాకా దానిమీదా నిషేధమే. ఒకదాన్ని అశ్లీలం అన్నారు, ఇంకోదాన్ని తిరుగుబాటు అన్నారు.

ఇప్పుడు కష్టమైన మాట. మాలపల్లి రాసింది ఆ పల్లెలో పుట్టినవాడు కాదు. రామదాసు నోటి వెంట వచ్చే వేదాంతం చదువుతుంటే, ఇది ఆయన మాటేనా, ఉన్నవగారి మాటా అని నాకు చాలాసార్లు అనుమానం వచ్చింది. అగ్రకులాల వాళ్లకి నచ్చేలా మంచిగా, సాత్వికంగా ఉంటేనే దళితుడు నాయకుడు అవుతాడా అని తర్వాతి తరం అడిగింది. అడగాల్సిందే. దానికి జవాబు విమర్శ వ్యాసంలో కాదు, నవలలోనే వచ్చింది. 2000లో జి. కల్యాణరావు అంటరాని వసంతం. అక్కడ కథ చెప్పుకుంటూ పోయేది రూతు జ్ఞాపకాలు. ఎల్లన్న, సుభద్ర, శివయ్య, రూబేను, ఇలా తరాల వెంట నడుస్తుంది. ఎల్లన్న కళాకారుడు, పాట కడతాడు, ఆడతాడు. మాలపల్లిలో బయట నిలబడి చూసే కన్ను ఉంది. ఇక్కడ లోపలి నుంచి గుర్తు తెచ్చుకునే గొంతు ఉంది. కథ ఎవరు చెబుతున్నారు అనేదాన్ని దృష్టికోణం అంటారు, మన గైడ్లలో రెండు లైన్లలో తేల్చేస్తారు. ఈ రెండు నవలల్నీ పక్కపక్కన పెట్టి చదవండి, ఆ రెండు లైన్లు ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది.

నేపథ్యం అనే అంగానికి తెలంగాణ నుంచి ఒక ఉదాహరణ. వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి, 1955. నిజాం కాలపు దిమ్మెగూడెం. దేశ్‌ముఖ్ పెత్తనం, వెట్టి చాకిరి, గ్రంథాలయాలు, ఆంధ్ర మహాసభ. ఇక్కడ నేపథ్యం అంటే వెనక వేలాడదీసిన తెర కాదు. ఆ పాలన, ఆ వెట్టి తీసేస్తే కంఠీరవం అనే పాత్రకి చేయడానికి పనే లేదు. ఆళ్వారుస్వామి స్వయంగా పుస్తకాలు అచ్చువేసి, మోసుకెళ్లి అమ్మిన మనిషి, జైలుకెళ్లిన మనిషి. ఆ అనుభవం ఉన్నవాడే అంత వివరంగా రాయగలడు.

ఇంతవరకు కష్టం బయట నుంచి వచ్చింది. బైరాగి, భూస్వామి, దేశ్‌ముఖ్. 1940ల నుంచి శత్రువు లోపలికి వచ్చేశాడు. గోపీచంద్ అసమర్థుని జీవయాత్రలో సీతారామారావుని పాడుచేసేది ఇంకెవరో కాదు, అతని బుర్రే. బుచ్చిబాబు చివరకు మిగిలేదిలో దయానిధి, రావిశాస్త్రి అల్పజీవిలో సుబ్బయ్య, అందరూ తమతో తామే కుస్తీ పట్టేవాళ్లు. ఇవి మనోవైజ్ఞానిక నవలలు. దీనికి చివరి మెట్టు 1969లో వచ్చిన అంపశయ్య. రాసినాయన అసలు పేరు దొంగరి మల్లయ్య, కలం పేరు నవీన్. ఈ నవల తర్వాత ఆయన పేరే అంపశయ్య నవీన్ అయిపోయింది. కథ ఏంటంటే, ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో రవి అనే పేద విద్యార్థి పొద్దున్న లేచింది మొదలు రాత్రి దాకా ఒకే ఒక్క రోజు. దాదాపు 16 గంటలు. డబ్బు లేదు, పరీక్షల భయం, అమ్మాయిల ఊహలు, ఇంటి దగ్గర అప్పు, ఒకదాన్ని తోసుకుంటూ ఇంకోటి. ఇదే చైతన్య స్రవంతి. యులిసిస్ కూడా ఒక్క రోజు కథే. పేరు కష్టంగా ఉంది కానీ విషయం మీకు తెలుసు. రాత్రి పన్నెండింటికి నిద్ర పట్టక సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తున్నప్పుడు మీ బుర్రలో నడిచేది అదే. హాస్టల్లో ఉన్నవాళ్లు చదవండి, 1969 అని అస్సలు అనిపించదు.

ఇక సిలబస్ పక్కకి నెట్టేసినవాళ్ల గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ, మీనా, రెండూ సినిమాలయ్యాయి. రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన, వాసిరెడ్డి సీతాదేవి. తర్వాత యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు చింపి, దాచి, దారంతో కుట్టి బైండు చేయించుకున్న ఇళ్లు ఎన్నో. అద్దె పుస్తకాల షాపులు వీధికొకటి ఉండేవి. ఆ రోజుల్లో ఆడవాళ్ల పేర్లకి ఎంత గిరాకీ అంటే, కొందరు మగ రచయితలు కూడా ఆడపేర్లతో రాశారు. దీన్నంతా కాలక్షేప సాహిత్యం అని ఒక లైన్లో కొట్టిపారేస్తారు. అందులో చెత్త లేదని నేను అనను, చాలా ఉంది. కానీ ఇంటర్ దాకా చదివి పెళ్లయి వంటింట్లోకి వెళ్లిన ఒక తరం అమ్మాయిలకి ఉద్యోగం చేసే జయంతిని చూపించింది సెక్రటరీ నవలే. రాజశేఖర చరిత్రము సీరియల్‌గా మొదలైంది అని గర్వంగా రాసుకుని, సీరియల్ నవలని చిన్నచూపు చూడటం నాకు అర్థం కాదు.

సరే, మళ్లీ ఆ బిట్ దగ్గరికి. పరీక్షలో ఏం టిక్ పెట్టాలి అంటే, ప్రశ్న చదివి పెట్టండి. కాలక్రమంలో మొదట వచ్చింది అని అడిగితే శ్రీరంగరాజు చరిత్ర. నవలా లక్షణాలున్న తొలి నవల అంటే రాజశేఖర చరిత్రము అని ఎక్కువమంది పండితులు చెప్పారు. ఊరికే తొలి నవల అని మాత్రమే అడిగితే మీ యూనివర్సిటీ వాళ్ల పాఠ్యపుస్తకం ఏది చెబితే అది, మార్కు వాళ్ల చేతిలో ఉంది కాబట్టి. వ్యాసరూప ప్రశ్న అయితే మాత్రం రెండు పేర్లూ, రెండు సంవత్సరాలూ రాసి, ఎందుకు గొడవో మూడు వాక్యాల్లో చెప్పండి. ఆ మూడు వాక్యాల్లో ఒకటి సోనాబాయి గురించి ఉండనివ్వండి.

వచ్చే ఎపిసోడ్‌లో కథానిక. గురజాడ దిద్దుబాటు 1910లో వచ్చింది కదా, దానికంటే ముందు భండారు అచ్చమాంబ కథలున్నాయి. అక్కడా ఇదే గొడవ. కలుద్దాం.